చిన్న కుప్ప

"నీల్లు మరీ సల్లగున్నాయేటే!" అన్నాడు దండాసి స్నానాలగదిలోంచి.

ఆ నీళ్లు ఐదంతస్తులు మోసుకొచ్చిన భార్య రాజ్యం గుమ్మం దగ్గర గోడకి జారబడి ఊపిరి పీల్చుకుంటోంది. వేడిగా కావాలంటే కింద తొట్టి దగ్గర్నించి ఆయనే మోసుకొచ్చి కాచుకోవాల్సింది అని నాలిక చివరిదాకా వచ్చింది గానీ మింగేసింది. దీక్షలో ఉన్న మనిషిని ఏమీ అనకూడదట. ఆమె విసుక్కుంటే పాపం ఆమెకి చుట్టుకుంటుందట, ఆయన విసుక్కుంటే మాత్రం అమ్మవారు పట్టించుకోదట. ఈ రూలు ఎవరు పెట్టారో గానీ, బకెట్లు మోసిన వాళ్లయితే కాదు.

యాంగోన్ నగరం మింగళ తౌంగ్‌న్యున్ పేటలో వాళ్ల వీధిలో ఏ మేడకీ లిఫ్టు లేదు. కూరలూ, పాలూ అయితే బాల్కనీలోంచి తాడు వదిలి పైకి లాక్కుంటారు. తాడుకి ఓ గంట కూడా ఉంటుంది, కిందనించి వాయించి పిలుస్తారు. నీళ్ల బకెట్‌ని కూడా అలా లాగొచ్చేమోనని రాజ్యం ఓసారి ప్రయత్నించింది. బకెట్ పైకొచ్చేసరికి అందులో నీళ్లు సగం కూడా లేవు, మిగతావన్నీ మూడో అంతస్తు డా న్వే ఆరేసుకున్న లుంగీల మీద ఉన్నాయి. ఆ బర్మా ఆవిడ మంచిది కాబట్టి వారం రోజులు మాట్లాడ్డం మానేసి ఊరుకుంది.

ఇక కరెంటు సంగతి. అది ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో యాంగోన్‌లో ఎవరూ చెప్పలేరు. వచ్చినప్పుడు మాత్రం వీధి వీధంతా "మీ లా బీ!" అని కేకలు పెడుతుంది. కరెంటొచ్చిందని బర్మా భాషలో చెప్పడం అది. ఆ కేక వినగానే రాజ్యం తింటున్న అన్నం వదిలి, మాట్లాడుతున్న ఫోను వదిలి, ఒక్కోసారి కడుగుతున్న ముఖం మీద సబ్బు కూడా వదిలి మోటరు స్విచ్చి దగ్గరికి పరిగెత్తాల్సిందే. మేడలో అన్ని మోటర్లూ ఒక్కసారే కింద తొట్టిలోంచి తోడటం మొదలెట్టేసరికి ఐదో అంతస్తుకి నీటి చుక్క కూడా ఎక్కదు. అందుకని మళ్లీ బకెట్. బోటాటౌంగ్‌లో ఓ షిప్పింగు ఏజెంటు ఆఫీసులో ఆమె బిల్లులు టైపు చేస్తుంది. అక్కడ కూడా కరెంటొస్తే బిల్లులన్నీ ఒక్క ఊపులో కొట్టాలి, పోతే అతిథులకి టీ పొయ్యాలి. టీ పొయ్యడానికి కరెంటక్కర్లేదు, ఆడమనిషుంటే చాలు అని అక్కడి మేనేజరు నమ్మకం.

మామూలు రోజుల గొడవే ఇంత అనుకుంటే, దాని మీద ఇప్పుడు దీక్ష నీళ్లు వచ్చిపడ్డాయి. అమ్మవారి గుండం తొక్కేవాడు పసుపు కంకణం కట్టించుకున్న రోజునించి మూడు పూటలా తలారా స్నానం చెయ్యాలి. ఆ నీళ్లు మోటరు తోడిన నీళ్లు కాకూడదు, ఎవరి నీళ్లు వాళ్లే చేత్తో మోసుకోవాలి. కంకణం కట్టేటప్పుడు పూజారి గారు ఈ మాట చెప్పగానే దండాసి మొహం పాలిపోయింది.

"మోకాలి నెప్పండి పంతులు గారూ. ఐదంతస్తులండి."

పూజారి గారు దయగల మనిషి. మగవాళ్ల మోకాళ్ల మీద ఆయనకి మరీ దయ. "భార్య అర్ధాంగి కదా నాయనా. ఆవిడ మోస్తే నువ్వు మోసినట్టే" అన్నారు.

అర్ధాంగి మోకాళ్ల గురించి శాస్త్రంలో ఏమీ లేదు కాబోలు. అత్తగారు తాయారమ్మ కూడా అక్కడే ఉండి, "ఆడదాయికి నీల్లెత్తడం ఓ పనేటి?" అని తేల్చేసింది.

అసలీ దీక్ష ఎందుకొచ్చిందంటే పేకాట వల్ల. నవ్వకండి. కరోనా రోజుల్లో ఇళ్లల్లో కూర్చుని ఆ చుట్టుపక్కల తెలుగు మగాళ్లందరూ ఫోన్లలో పోకరు నేర్చుకున్నారు. తర్వాత తెలుగు సంఘం వాళ్లు ఏటేటా పోటీ పెట్టడం మొదలుపెట్టారు. డబ్బులుండవు, రంగు బిళ్లలతో ఆడతారు, గెలిచినవాడికి బహుమతి. ఈ ఏడు మొదటి బహుమతి పెద్ద బ్యాటరీ సెట్టు. కరెంటు లేకపోయినా ఫ్యాన్లూ దీపాలూ వెలుగుతాయి, చిన్న మోటరు కూడా తిరుగుతుంది. ఆ మాట వినగానే రాజ్యం గుండెలో ఏదో కదిలింది. ఒక్కళ్ల మోటరే తిరుగుతుంటే, తనకి కావలసినప్పుడు, ఎవరి కేకా లేకుండా, నీళ్లు వాటంతటవే ఐదో అంతస్తుకి ఎక్కి రావడం! దేవుడి గదిలో నిలబడి కూడా ఆమె అంత గట్టిగా దేన్నీ కోరుకోలేదు.

దండాసి కోరిక వేరు. ఫైనల్‌కి వెళ్తే గుండం తొక్కుతానని మొక్కుకున్నాడు. వెళ్లాడు. కానీ సంఘం జనరేటరు పాడై ఫైనల్ ఓ వారం వెనక్కి జరిగింది. జరిగి జరిగి, సరిగ్గా దీక్ష రోజుల్లో వచ్చి పడింది. కంకణం కట్టుకున్నవాడు మాంసం తినకూడదు, మందు తాగకూడదు, పేక ముట్టకూడదు. పేకాట కోసం మొక్కుకున్న మొక్కు పేకాటకే అడ్డం వచ్చింది. అమ్మవారికి హాస్యం తెలియదని ఎవరంటారు?

ఒక రోజంతా అన్నం మానేసి ఆలోచించాడు దండాసి. సాయంత్రానికి మొహం వెలిగింది.

"నా బదులు నువ్వు కూకో."

"నానా? నాకేటి తెలుసండీ పేకాట?"

"తెలక్కర్లేదు. నాను నీ ఎనకాల కూకుని దగ్గుతాను. ఒక దగ్గంటే ముక్కలు పారేసి వొగ్గెయ్. రెండు దగ్గులంటే ఆల్లెంత కడితే నువ్వూ అంత కట్టు. మూడంటే పెంచు. అంతే. నీ బుర్రతోటి పనేటి?"

"మరి నాను ముట్టుకుంటే మీ దీచ్చ పాడవదా?"

"నీకేటి దీచ్చ? కంకణం నా సేతికి గదా కట్టేరు. నువ్వేరు, నానేరు" అన్నాడు దండాసి, ధర్మశాస్త్రం అంతా అరిటాకు మీద వడ్డించినంత తేలిగ్గా.

ఆ మాట రాజ్యం చెవిలో పడింది. పడి అక్కడే ఉంది.

పాఠాలు మొదలయ్యాయి. ఆయన పేక ముట్టుకోకూడదు కాబట్టి చేతిలో వేపమండ పట్టుకుని దాంతో ముక్కల్ని చూపించేవాడు. "ఇది ఆసు, అన్నిటికన్న పెద్దది. ఇది రాణి. అలగ కాదే, ఆకు కింద సూడు!" ఒక్కొక్కరికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు. అవన్నీ కలిపి ఎవరివి పెద్దవైతే మధ్యలో కట్టిన బిళ్లలు వాళ్లవి, విడి ముక్కల కన్నా జత పెద్దది. బ్లైండు అంటే, వంతు వచ్చినప్పుడు ముక్కలు చూడకుండానే కట్టాల్సిన బిళ్లలు. ఆట సాగేకొద్దీ ఆ బ్లైండు పెరుగుతూ పోతుంది. బిళ్లలైపోతే లేచి ఇంటికి పోవాలి. ముందురోజుల్లో ఆయన గెలిచిన బిళ్లలన్నీ ఇప్పుడామెకి వస్తాయి.

"గెలిస్తే ఆ బేటరీ..." అంది రాజ్యం.

"బేటరీ సుభాష్‌కిచ్చేసి ఆడి పెద్ద టీవీ తెచ్చుకుంటాను. మాట అయిపోనాది." సుభాష్ ఆయన స్నేహితుడు. సేక్కాన్ రేవులో సరుకులు విడిపించే ఏజెంటు. ఆ పోటీలో అందరికన్నా ఎక్కువ బిళ్లలున్నవాడు కూడా అతనే. అంటే ఇద్దరిలో ఎవరు గెలిచినా బ్యాటరీ సుభాష్ ఇంటికే.

రాజ్యం ఖాళీ బకెట్ పట్టుకుని మెట్లు దిగింది. ఎదురు మాట్లాడకపోవడం ఆమెకి బాగా అలవాటు.

ఆదివారం మధ్యాహ్నం గుడి పక్క సంఘం హాల్లో ఫైనల్ మొదలైంది. గోడ మీద దండలేసిన పాత పెద్దమనుషుల ఫొటోలు, కింద ఆకుపచ్చ దుప్పటి పరిచిన బల్ల, చుట్టూ ఎనమండుగురు మగాళ్లూ రాజ్యమూ. ముక్కలు పంచడానికి ఓ బర్మా అమ్మాయిని పెట్టారు, పేరు మ సాందా. సెక్రటరీ రాంబాబు మైకు పట్టుకుని దండాసి దీక్ష సంగతి చెప్పి ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాడు. అమ్మవారి పేరు చెప్పాక నోరెత్తేదెవరు? పైగా సుభాష్ చేతులు రుద్దుకుంటూ, "ఒదినే గదా, కూకోనీండి. బేగి అయిపోద్ది" అన్నాడు.

మొదట అంతా సవ్యంగానే సాగింది. వెనకనించి ఒక దగ్గు, ఆమె ముక్కలు పారేసింది. మళ్లీ ఒక దగ్గు, మళ్లీ పారేసింది. ఒకసారి మూడు దగ్గులు, పెంచింది, అందరూ తప్పుకున్నారు. ఇదేదో బాగానే ఉందే అనుకుంది. బాగుండక ఏం, ఆమెకి ఇది కొత్త పనా? వెనకనించి ఎవరో దగ్గితే లేవడం, దగ్గితే కూర్చోవడం పెళ్లైన దగ్గర్నించీ చేస్తూనే ఉంది. మామగారు దగ్గితే కాఫీ. అత్తగారు దగ్గితే తలుపు మూసిరావాలి. మేనేజరు గొంతు సవరించుకుంటే టీ.

కానీ మూడు పూటలా చన్నీళ్లు తలకి పోసుకున్న మనిషికి ఏమవుతుంది? జలుబు చేస్తుంది. దండాసికి పొద్దున్నించీ ముక్కు దిబ్బడగా ఉంది. పక్కన గుళ్లో సాంబ్రాణి వెయ్యడంతో పొగ హాల్లోకి వచ్చింది.

అప్పుడు రాజ్యం చేతిలో కళావరు ఏడు, ఇస్పేటు రెండు ఉన్నాయి. అంతకన్నా పనికిమాలిన జత ఆ పేకలోనే లేదు. దండాసి ఒక దగ్గు దగ్గాడు. ఆమె ముక్కలు పారెయ్యబోతోంది. ఇంకో దగ్గు. సరే, కట్టమన్నాడు కాబోలని కట్టబోయింది. మూడోది. పెంచింది. సుభాష్ ఇంకా పెంచాడు. దండాసి ఆగకుండా దగ్గుతూనే ఉన్నాడు. రాజ్యం లెక్క తప్పిపోయి, మూడేసి దగ్గుల చొప్పున పెంచుకుంటూ పోయింది. ఆ పైన ఆయన ఓ పెద్ద తుమ్ము తుమ్మాడు. తుమ్ముకి అర్థమేమిటో ఆయన చెప్పనే లేదు! వెనక్కి తిరిగి చూస్తే కళ్లనిండా నీళ్లతో, రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, వద్దు వద్దని మూగసైగలు చేస్తున్నాడు పాపం.

సుభాష్ జత రాజులు పరిచాడు. రాజ్యం ఏడూ రెండూ చూపించింది. హాలంతా నవ్వులు. ఆమె బిళ్లల కుప్పలో ముప్పాతిక భాగం సుభాష్ వైపు తరలిపోయింది.

"దండాసీ, నువ్వు పేక ముట్టుకోనేదు గానీ ముక్కుతోటి ఆడతన్నావు. ఇంక దగ్గేవంటే బయటికి పంపేస్తాను" అన్నాడు రాంబాబు.

"నాను సెప్పింది ఒకటి, నువ్వు సేసింది ఒకటి" అని వెనకనించి దండాసి గొణిగాడు. "ఏ పని సెప్పినా ఇంతే. పోనీలే, ఇంక ఏదీ ముట్టుకోకు. అన్నీ పారేసుకుంటా కూకో. ఆల్లలో ఆల్లు కొట్టుకు సస్తారు, నీకు మూడో బహుమతైనా వస్తాది. దుప్పటి."

రాజ్యం చెవులు వేడెక్కాయి. దగ్గింది ఎవరు, జలుబు ఎవరికి, తప్పు ఎవరిది! అయినా చెప్పినట్టే చేసింది. ముక్కలు వచ్చాయి, పారేసింది. వచ్చాయి, పారేసింది. ఆమె ముందు చిన్న కుప్ప మిగిలింది, దోసిట్లో పట్టేంత. వంతు తిరిగి తిరిగి వచ్చినప్పుడల్లా బ్లైండు కింద అందులోంచి కాసిని పోతున్నాయి. తను ఏ తప్పూ చెయ్యటం లేదు, ఎవరితోనూ తలపడటం లేదు, నోరు మూసుకుని బుద్ధిగా కూర్చుంది. అయినా కుప్ప కరుగుతోంది. ఈ లోపల పళ్ల డాక్టరు బిళ్లలు పోగొట్టుకుని లేచిపోయాడు, ట్యాక్సీల యజమాని లేచిపోయాడు. చివరికి బల్ల దగ్గర ముగ్గురే మిగిలారు. సుభాష్, బడిపంతులు సత్యారావు, ఆమె. సుభాష్ ముందు బిళ్లలు గోడ కట్టినట్టున్నాయి.

తన చిన్న కుప్పని చూస్తూ కూర్చుంది రాజ్యం. ఇది ఎక్కడో చూసిన వ్యవహారంలాగే ఉంది అనుకుంది. సర్దుకుపో, సర్దుకుపో అని అందరూ చెప్పారు, సర్దుకుపోయింది. టైపు పరీక్ష పై మెట్టుకి వెళ్తానంటే, ఇప్పుడెందుకే, పిల్లలు పెద్దాల్లవనీ అన్నాడు దండాసి, సరే అంది. పిల్లలు పెద్దవాళ్లయి ఒకడు మాండలేలో, ఒకతె మగడితో బాగో ఊళ్లో స్థిరపడ్డాక అడిగితే, ఈ వయసులో నీకెందుకే అన్నాడు, దానికీ సరే అంది. ఏదో ఒక రోజు మంచి ముక్కలు పడకపోవు, అప్పుడు ఆడదాంలే అని ఎదురుచూసింది. ఎదురుచూడ్డం ఊరికే జరుగుతుందనుకుంది. ఎదురుచూడ్డానికి కూడా బ్లైండు కట్టాలని, అది ఒంట్లోంచీ మోకాళ్లలోంచీ వసూలవుతుందని ఎవరూ చెప్పలేదు. మూడో బహుమతి దుప్పటి కోసం! ఆమెకి నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

సరిగ్గా అప్పుడే బయట వీధిలో కేక లేచింది.

"మీ లా బీ! మీ లా బీ!"

రాజ్యం లేచి నిలబడింది. ఆమె లేవలేదు, కాళ్లే లేచాయి. చీరకుచ్చెళ్లు ఎగదోపుకుంది కూడా. చేతిలో ముక్కలు బల్లమీద పడెయ్యబోయింది. మ సాందా కంగారుగా, "అమా, అమా, మీ వంతే" అంది. అమా అంటే అక్కా అని.

వెనకనించి దండాసి, "ఎల్లు ఎల్లు, బేగెల్లు! కింద తొట్టి కాలీ అయిపోద్ది. సందేల తానానికి నీల్లు లేకపోతే దీచ్చ పోద్ది!" అన్నాడు.

రాజ్యం ఒక కాలు కుర్చీ ఇవతల పెట్టి, చేతిలో ముక్కల్ని ఓసారి చూసుకుంది. రాజు, తొమ్మిది. గొప్ప ముక్కలేం కావు. కానీ ఇంకో రెండు చుట్లు తిరిగితే తన దగ్గర బ్లైండు కట్టడానికి కూడా మిగలదు. ఈ కుప్పకి సరిపడా కట్టి ఓడితే తమకి కాస్తయినా నొప్పి పుడుతుందని ఎదుటివాళ్లకి భయం ఉన్నప్పుడే ఆడాలి. ఇవీ కరిగిపోయాక తను ఏం తోసినా, సుభాష్ వేలితో చిదిమి పారేస్తాడు.

ఆమె కూర్చుంది.

"మీరెల్లండి. నా వంతొచ్చింది."

"నానా? నా మోకాలు..."

"నాను లేస్తే ఆట పోద్ది. మీరు లేస్తే ఏటి పోద్ది?"

దండాసి అటు బల్లనీ, ఇటు తలుపునీ చూశాడు. బయట వీధిలో బకెట్ల చప్పుడు మొదలైంది. తొట్టి దగ్గర లైను ఊహించుకుని కాబోలు, పసుపు పంచె ఎగగట్టి పరిగెత్తాడు. అంత వేగంగా పరిగెత్తే మోకాళ్లు ఆయనకున్నాయని రాజ్యానికి ఆ రోజే తెలిసింది.

చిన్న కుప్పని రెండు చేతులతో ముందుకి తోసి, "అన్నీ" అంది.

సత్యారావు మాస్టారు ముక్కలు పారేశారు. సుభాష్ ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లుగా వాళ్లింట్లో ఆవిడ చేతి టీ తాగాడు గానీ, ఆవిడ మొహంలో ఏముందో ఎప్పుడూ చూడలేదు. అందుకని ఇప్పుడు చూసినా ఏమీ తెలియలేదు.

"ఏటి ఒదినా, ఏటుంది సేతిలో?"

"కట్టి సూసుకోండి."

సుభాష్ పారేశాడు. మధ్యలో ఉన్న బిళ్లలు ఆమెవయ్యాయి. ఏ ముక్కలూ చూపించకుండా! కాసేపాగి మళ్లీ "అన్నీ" అంది. మళ్లీ తప్పుకున్నారు. కోపం వచ్చిన సత్యారావు మాస్టారు సుభాష్‌తో తలపడి, ఉన్నవన్నీ పోగొట్టుకుని దుప్పటి పట్టుకెళ్లారు. ఇక ఇద్దరే.

ఆమెకి జత ఆరులు పడ్డాయి. చేతులు ముందుకి చాచి, కుప్పంతా తోస్తూ, "అన్..." అంటోంది. అదే క్షణాన తలుపు దగ్గరనించి హాలు దద్దరిల్లేలా తుమ్ము.

దండాసి. తడిజుట్టు, తడిపంచె, స్నానం చేసి పరిగెత్తుకొచ్చాడు.

బల్ల చుట్టూ అందరూ బొమ్మల్లా ఆగిపోయారు. సుభాష్ బిళ్లల మీదికి వెళ్లబోతున్న చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. "తుమ్మేడు. ఆగండి" అన్నాడు. చూడ్డానికొచ్చిన పెద్దావిడెవరో రాజ్యానికి మంచినీళ్ల గ్లాసు అందించింది. మ సాందా చేతిలో పేక పట్టుకుని, ఇది పోకరు రూల్సులో ఎక్కడుందని రాంబాబుని బర్మా భాషలో అడిగింది. పోకర్లో లేదు, మా వాళ్ల రూల్సులో ఉంది అన్నాడాయన. తర్వాత రాజ్యం వైపు తిరిగి, "అపశకునం అమ్మా. కావాలంటే ఎనక్కి తీసుకో. ఎవరూ ఏటీ అనుకోరు" అన్నాడు.

దండాసి తలుపు దగ్గరే నిలబడి, రాంబాబు బెదిరింపు మర్చిపోయి, ఒక దగ్గు దగ్గాడు. అనుమానం లేదు, ఈసారిది జలుబు దగ్గు కాదు. స్పష్టంగా, ఒకే ఒక్కటి. వొగ్గెయ్.

రాజ్యం గ్లాసు తీసుకుని నీళ్లన్నీ తాగింది. మూతి తుడుచుకుంది.

"తుమ్మింది మా ఆయన. ఆడతన్నది నాను" అంది. "అన్నీ."

ఇప్పుడు చెమటలు పట్టాయి సుభాష్‌కి. ఆ తుమ్ము ఆవిడ తొయ్యడానికి అపశకునమా, తను కట్టడానికి అపశకునమా? పైకి కూడా అడిగాడు, తలొకరూ తలో మాట చెప్పారు. చివరికి చేతిలో ఆసూ రాజూ ఉన్నాయి కదా అని ధైర్యం చేసి కట్టాడు. మ సాందా మధ్యలో ఐదు ముక్కలూ ఒకటొకటిగా పరిచింది. అందులో ఆసూ రాలేదు, రాజూ రాలేదు. ఆరుల జతే నిలబడింది. చిన్న కుప్ప రెండింతలై కూర్చుంది.

ఆ తర్వాత సుభాష్ మరి కోలుకోలేదు. ఎవరు గొంతు సవరించుకున్నా ఉలిక్కిపడేవాడు. చివరి ఆటలో నిజం చెప్పాలంటే రాజ్యానిది శుద్ధ అదృష్టమే, ఆఖరి ముక్కగా తొమ్మిది పడకపోతే కథ ఇంకోలా ఉండేది. కానీ పడింది. గుళ్లో హారతి గంట మోగే వేళకి బల్ల మీద బిళ్లలన్నీ ఆమె ముందున్నాయి.

రాంబాబు మైకు అందుకున్నాడు. "ఈ ఏటి విజేత, మన దండాసి గారు!"

చప్పట్లు. దండ తెచ్చి దండాసి మెడలో వేశారు. దీక్షలో ఉన్నవాడికి మెడలో దండ ఎంతో నప్పింది కూడా. ఆయన మైకు తీసుకుని, కళ్లు చెమర్చి, "నాను ఆడకపోయినా నా అర్దాంగి ఆడింది. ఆవిడ ఆడితే నాను ఆడినట్టే గదా. ఈ బేటరీ నా స్నేహితుడు సుభాష్‌కి..." అంటున్నాడు.

రాజ్యం బల్ల దగ్గర కూర్చునే ఉంది. తను గెలిచిన బిళ్లలు ఇంకా ముందే ఉన్నాయి. వాటిని చూసింది. ఇప్పుడు ఊరుకుంటే ఇవి కూడా కరిగిపోతాయి. హారతి పళ్లెంతో పూజారి గారు అప్పుడే హాల్లోకి వచ్చారు.

"పంతులు గారూ, నాదో సందేహమండి" అంది.

గట్టిగా ఏం అనలేదు. కానీ ఆవిడ నోటంట సందేహమనే మాట ఎవరూ వినలేదు కనక అందరూ అటు తిరిగారు.

"ఆయన దీచ్చ నీల్లు నాను మోస్తే ఆయన మోసినట్టే అన్నారు మీరు. అర్దాంగినని."

"అన్నానమ్మా."

"మరైతే నాను పేకాడితే ఆయన ఆడినట్టే గదండి? ఇప్పుడే మైకులో సెప్పేరు కూడా. కంకణం కట్టుకుని పేకాడిన మనిసి గుండం తొక్కొచ్చాండి?"

పూజారి గారు హారతి పళ్లెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. దండాసి తన పాదాల వంక చూసుకున్నాడు. ఎర్రటి నిప్పులు కళ్ల ముందు కదిలాయి కాబోలు, మైకు నోటికి ఆనించి, "నాను ఆడనేదు! తల్లీ, నాను ముట్టుకోనేదు! ఆవిడే ఆడింది! ఆవిడేరు, నానేరు!" అని అరిచాడు. గుళ్లో అమ్మవారిక్కూడా వినపడి ఉంటుంది.

"అయితే బేటరీ నాది" అంది రాజ్యం.

ఆమె అక్కడితో ఆగలేదు.

"ఆవిడేరు అయితే, ఇన్నాల్లూ ఈయన దీచ్చ నీల్లు పరాయి మనిసి మోసినట్టే గదా పంతులు గారూ? దానికి దోషమేటన్నా ఉందాండి?"

పూజారి గారు గొంతు సర్దుకున్నారు. "ఇక మీదట తన నీళ్లు తనే మోసుకుంటే... ఏ దోషమూ లేదమ్మా" అన్నారు గబగబా.

"ఒదిన మల్లీ అన్నీ తోసేసిందిరో!" అన్నాడు సుభాష్, నవ్వు ఆపుకోలేక. టీవీ మిగిలినందుకు కూడా కావచ్చు. రాంబాబు మెల్లిగా వెళ్లి దండాసి మెడలోంచి దండ తీసి తెచ్చి రాజ్యం చేతికిచ్చాడు. ఆమె దాన్ని తన బిళ్లల కుప్ప పక్కన పెట్టుకుంది. ఏడుపు రాలేదు గానీ, వచ్చినా బాగుండేదనిపించింది.

మర్నాడే బ్యాటరీ సెట్టు ఇంటికొచ్చింది. దాన్ని ఐదంతస్తులూ ఎక్కించడానికి నలుగురు మగాళ్లు రొప్పారు. పచ్చ దీపం వెలిగింది, మోటరు తిరిగింది, వంటింటి పంపులోంచి నీళ్లు దగ్గినట్టు ఆగి ఆగి, తర్వాత ధారగా వచ్చాయి. ఆ ధార కింద చెయ్యి పెట్టి రాజ్యం చాలాసేపు నిలబడింది. తాయారమ్మ వచ్చి చూసి, "అయితే ఇంక అబ్బాయికి నీల్ల బాద లేదు" అంది.

"మోటరు నీల్లు దీచ్చకి పనికిరావు అత్తా" అని గుర్తుచేసింది రాజ్యం.

ఆ మర్నాడు పొద్దున్న బాల్కనీలో కుర్చీ వేసుకుని, వేడి టీ పట్టుకుని కూర్చుంది. ఆఫీసుకి ఇంకా టైముంది. వీధిలో "మీ లా బీ!" అని కేకలు లేచాయి. కాళ్లు కొద్దిగా కదిలాయి గానీ, వాటిని అక్కడే ఉంచింది. కిందనించి ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్న అడుగుల చప్పుడు, నీళ్లు ఒలికిన చప్పుడు, డా న్వే ఎవరినో పలకరించి నవ్విన చప్పుడు. మూడో అంతస్తు దగ్గర అడుగులు ఆగిపోయాయి.

"రాజ్యం! ఓలి రాజ్యం! ఓ సెయ్యెయ్యే. మోకాలు పట్టేసింది. ఏటి సెయ్యమంటావు, పైకి తేనా, ఇక్కడే వొగ్గీనా?"

రాజ్యం టీ గ్లాసు కింద పెట్టి, మెట్ల వైపు తిరిగి, స్పష్టంగా, ఒకే ఒక్క దగ్గు దగ్గింది.